పొద్దున తాగిన ఓట్స్ స్మూతీ కొత్తవలస దాటేసరికి అరిగిపోతోంది. ఏం తప్పు చేస్తున్నాను?

సీజన్ టికెట్ (విజయనగరం)

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, ఉద్యోగం విశాఖపట్నంలో. చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పొద్దున్నే ఐదింటికి లేచి, ఆరూ ముప్పావుకల్లా ప్లాట్‌ఫాం మీద ఉండాలి. మా ఇంట్లో టిఫిన్ ఎనిమిదింటికి గానీ అవదు. నా ఒక్కదాని కోసం అత్తగారిని చీకటితో లేపి పొయ్యి దగ్గర నిలబెట్టడం నాకిష్టం లేదు. అందుకని రెండు నెలల కిందట ఈ స్మూతీ మొదలుపెట్టాను. మిక్సీలో తిప్పడం, స్టీలు సీసాలో పోసుకోవడం, ట్రైన్లో తాగడం. మధ్యాహ్నం కేరేజీ విప్పేది పన్నెండున్నరకి. అప్పటిదాకా ఆగాలి, అదే నా కోరిక.

నేను వేసేవి: ఇన్‌స్టంట్ ఓట్స్ మూడు స్పూన్లు, ప్యాకెట్ పాలు ఒక చిన్న గ్లాసు (నూట యాభై మిల్లీలీటర్లు ఉంటాయి), కాసిని నీళ్ళు, ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు, పైన తేనె. రుచికి వంక పెట్టడానికి లేదు. కోరుకొండలో మూత తీస్తే అలమండకి సీసా ఖాళీ. అప్పటికి కడుపు నిండినట్టే ఉంటుంది. కొత్తవలస దాటాక మాత్రం మొదలవుతుంది. పెందుర్తి వచ్చేసరికి పక్కావిడ తినే ఉప్మా మీదే చూపు. ఆఫీసు మెట్లెక్కేటప్పటికి చేతులు కొంచెం వణుకుతున్నట్టు కూడా ఉంటుంది. తొమ్మిదిన్నరకి కిందికి దిగి బండి మీద పునుగులు తినేస్తున్నాను. అంటే స్మూతీ ఖర్చు, పునుగుల ఖర్చు రెండూ నా పద్దులోనే.

ఆఫీసులో ఒకమ్మాయి చెప్పిందని ప్రోటీన్ పౌడర్ డబ్బా కూడా కొన్నాను. దాని కథ వేరు. మొన్న చలిగా ఉందని పాలు పొంగగానే వేడి వేడిగా మిక్సీ జారులో పోసి, పౌడరు, ఓట్సు వేసి, మూత పెట్టి స్విచ్ తిప్పాను. మూత లేచి వెళ్ళి సజ్జ మీద ఊరగాయ జాడీకి తగిలింది. గోడ, క్యాలెండరు, నా ఆఫీసు చీర, అన్నిటికీ సమానంగా పంచింది. చప్పుడుకి బాబు లేచి ఏడుపు. అత్తగారు వచ్చి నన్నేమీ అనలేదు. క్యాలెండరు మీంచి జారుతున్నదాన్ని గరిటెతో గీకి చూసి, "ఇది అంబలే కదమ్మా. దీనికింత యుద్ధం ఎందుకు?" అని వెళ్ళిపోయారు.

నా వయసు 38, బరువు 58 కిలోలు. తగ్గాలనీ లేదు, పెరగాలనీ లేదు. షుగర్ లేదు. థైరాయిడ్ ఉంది, ఆ మాత్ర కూడా ట్రైన్లో దీంతోనే వేసుకుంటాను. ఆకలి ఆగాలంటే ఏం మార్చాలి? పౌడర్ నిజంగా అవసరమా? సీసాకి అంటుకునే ఆ జిగురు ఎలా వదులుతుంది? ఇడ్లీ తినమని చెప్పేవాళ్ళకి ముందే ఒక దండం.

కోట జంక్షన్

దండం అందింది. అయినా ఇడ్లీ తినండి.

మందుల షాపు (శ్రీకాకుళం)

స్మూతీ సంగతి తర్వాత చూద్దాం మేడమ్. చివర్లో ఒక ముక్క రాసి వదిలేశారే, థైరాయిడ్ మాత్ర దీంతోనే వేసుకుంటానని, ముందు అది ఆపండి.

థైరాక్సిన్ మాత్ర ఖాళీ కడుపుతో, ఉత్త మంచినీళ్ళతో వేసుకోవాలి. వేసుకున్నాక అరగంట నుంచి గంట దాకా ఏమీ వద్దు, కాఫీ కూడా వద్దు. పాలల్లో ఉండే కాల్షియం, ఓట్స్‌లో ఉండే పీచు ఆ మందుని ఒంటికి పూర్తిగా పట్టనివ్వవు. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐదింటికి లేస్తానన్నారు కదా, లేవగానే మాత్ర వేసేసుకోండి. ట్రైన్ ఎక్కేసరికి గంటన్నర పైనే అవుతుంది. మీకు టైము చక్కగా కుదిరింది, మీరే వాడుకోవడం లేదు.

రెండు నెలలుగా ఇలా వేసుకుంటున్నారు కాబట్టి ఈ సంగతి మీ డాక్టర్‌కి చెప్పండి. పద్ధతి మార్చిన ఆరు వారాలకి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయిస్తే అసలు లెక్క తెలుస్తుంది. చేతులు వణుకుతున్నాయని రాశారు, అది ఆకలే కావచ్చు. తిండి సరిపెట్టుకున్నాక కూడా ఉంటే అదీ చెప్పండి. మా కౌంటర్ దగ్గర రోజూ ఎవరో ఒకరు "టీతో వేసుకోవడం అలవాటండీ" అంటారు, అందుకే ఈ ఒక్కదానికే ఇంత పొడుగు రాశాను.

కొండవెలగాడ

అప్పా, మాది కొండవెలగాడ. నెల్లిమర్ల పక్కన, వెయిట్‌లిఫ్టింగ్ ఊరంటారే, అదే. నేను పెద్ద లిఫ్టర్ని కాదు. జిల్లా పోటీల దాకా వెళ్ళి నడుం పట్టేసి మానేశాను. బరువులు వదిలేశాను గానీ తిండి లెక్కలు వదల్లేదు. మీరు అకౌంట్స్ అన్నారు కాబట్టి పద్దు రాసినట్టే రాస్తాను.

ఓట్స్‌లో వంద గ్రాములకి 13 గ్రాముల ప్రోటీన్. మీ మూడు స్పూన్లు పాతిక గ్రాములు అనుకుందాం, అంటే 3 గ్రాములు. పాలు వంద మిల్లీలీటర్లకి 3 పైన, మీ చిన్న గ్లాసుకి 5 లోపే. అరటిపండు 1. ఖర్జూరాలు అర. తేనె సున్నా. మొత్తం తొమ్మిదో తొమ్మిదిన్నరో. మిగతాదంతా తీపి. తీపి తొందరగా ఎక్కుతుంది, తొందరగా దిగుతుంది. పైగా ఇన్‌స్టంట్ ఓట్స్ సన్నగా కోసి ఉడికించి ఆరబెట్టినవి. వాటిని మళ్ళీ మిక్సీలో మెత్తగా తిప్పి, నీళ్ళు కలిపి, రెండు స్టేషన్ల మధ్య గటగటా తాగేస్తున్నారు. కడుపుకి చేసే పని ఏమీ మిగల్చలేదు. అది కొత్తవలస దాకా ఆగడమే ఎక్కువ.

ఇప్పుడు రెండో పద్దు. రోల్డ్ ఓట్స్ 50 గ్రాములు, అంటే ఆరున్నర. గట్టి పెరుగు 200 గ్రాములు, ఆరు పైన. వేయించిన వేరుశనగ పిక్కలు గుప్పెడు, పాతిక గ్రాములకి 6. పుట్నాల పప్పు 20 గ్రాములకి 4. కూడండి, 23 దాకా వస్తుంది. క్యాలరీలు అయిదు వందల చిల్లర. ఇది టిఫిన్ అంటే. పక్కన ఉడకబెట్టిన గుడ్డు తింటే ఇంకో 6. పచ్చిగుడ్డు మాత్రం మిక్సీలో కొట్టకండి, మా కుర్రాళ్ళలో కొందరికి ఆ పిచ్చి ఉంది. పచ్చిగుడ్డులో ప్రోటీన్ సగమే ఒంటికి పడుతుంది, రోగం వస్తే అది అదనం.

పౌడర్ గురించి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. మీ 58 కిలోలకి 48 గ్రాములు. పొద్దున 23 పడితే మిగతాది పప్పు, పెరుగు, గుడ్డు చూసుకుంటాయి. ఆ సంస్థే 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండల కోసం ప్రోటీన్ పౌడర్లు వద్దని చెప్పింది కూడా. మీ డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) వాళ్ళ 14 అంకెల లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. ఉంటే, పెరుగు లేని రోజు అర చెంచా వేసుకోండి. చల్లటి పాలల్లోనే సుమా. వేడి పాలల్లో వేస్తే విరిగిన పాలలా గడ్డ కడుతుంది, మీ గోడ మీద పడింది అదే. అసలు డబ్బులు మిగలాలంటే వెన్న తీసిన పాలపొడి కొనుక్కోండి. వంద గ్రాములకి 35 గ్రాముల ప్రోటీన్, కిరాణా కొట్టులో దొరుకుతుంది.

మిక్సీ రిపేర్ (బొబ్బిలి)

బొబ్బిలిలో వీణలే కాదు, మిక్సీలు కూడా బాగుచేస్తాం. మేడమ్ గారి మూత గురించి రెండు మాటలు.

వేడి పాలు పోసి తిప్పితే ఆవిరి ఒక్కసారిగా పుడుతుంది. అది పోవడానికి దారి లేదు, మూతని లేపుతుంది. పాలు గోరువెచ్చగా ఉన్నా జారు సగానికి మించి పోయకూడదు. ఇది ఓట్స్‌కే కాదు, చారు కోసం ఉడికిన టమాటాలు తిప్పేవాళ్ళకీ ఇదే జరుగుతుంది. మా షాపుకి మూతలు విరిగి వచ్చే వాటిలో చాలా భాగం ఇవే.

జిగురు ఎందుకంటే, తడి ఓట్స్‌ని ఎక్కువసేపు తిప్పడం వల్ల. చట్నీ జారులో ముందు పొడిగా తిప్పేసి, దింపే ముందు పెరుగు పోసి రెండు పల్సులు ఇస్తే చాలు. నిమిషాల తరబడి తిప్పితే మోటారు కూడా వేడెక్కి ఆగిపోతుంది. అలా ఆగితే కాలిపోయిందని కంగారు పడకండి, కింద ఎర్ర బటన్ ఉంటుంది, చల్లారాక నొక్కండి.

సీసా కడిగేటప్పుడు ముందు చన్నీళ్ళు. వేడినీళ్ళు పోస్తే పాలు, పిండి ఉడికి గోడకి పట్టేస్తాయి. చన్నీళ్ళలో గుప్పెడు బియ్యం, కొంచెం ఉప్పు వేసి మూత పెట్టి గిలకొట్టండి. మూతలో రబ్బరు వాషరు ఉంటుంది, అది ఊడదీసి కడగాలి. ఎవరూ తియ్యరు. వాసన అక్కడి నుంచే.

చోడిపిండి (గజపతినగరం)

అమ్మా, మీ అత్తగారు చెప్పిందే నేనూ చెప్తాను. నా వయసు అరవై నాలుగు. మా ఇంట్లో చోడి (రాగి) అంబలి తాగి పొలానికి వెళ్ళినవాళ్ళు మిట్టమధ్యాహ్నం దాకా తిరిగి చూసేవారు కాదు. రాత్రి చోడిపిండి నీళ్ళలో కలిపి ఉంచి, పొద్దున్న ఉడుకుతున్న నూకల్లో పోసి తిప్పడం, చల్లారాక మజ్జిగ. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఎక్కడి నుంచో వచ్చిన ఓట్స్ ఎందుకు? ఒక్కటి గుర్తుపెట్టుకోండి, చోడిపిండి పచ్చిది మిక్సీలో వేసి తాగకూడదు, ఉడకాలి.

కొండవెలగాడ

మామ్మగారూ, నేనూ అంబలి తాగే పెరిగాను. చోళ్ళలో కాల్షియం ఓట్స్‌కి అందనంత, వంద గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైమాటే. ప్రోటీన్ మాత్రం 7 గ్రాములే, ఓట్స్‌లో సగం. అప్పట్లో అది నిలబడిందంటే నూకలు, మజ్జిగ, తాగే ముంత సైజు కూడా చూడాలి కదా! అప్ప తాగేది చిన్న గ్లాసు.

చోడిపిండి (గజపతినగరం)

ముంత సైజు మాట నిజమే బాబూ.

ఉద్దానం కొబ్బరి

మాది కవిటి. ఉద్దానం అంటే అందరికీ కిడ్నీ జబ్బులే గుర్తొస్తాయి, అందుకే ఈ చర్చలోకి వచ్చాను. మా నాన్నగారు డయాలసిస్ మీద ఉన్నారు. మా వైపు కుర్రాళ్ళు జిమ్‌లో చేరగానే పౌడర్ డబ్బా కొంటున్నారు, ఇంట్లో ఒకరికి జబ్బు ఉందని తెలిసి కూడా.

కిడ్నీలు బాగున్నవాళ్ళకి పెరుగు, పిక్కలు, పప్పు తింటే ఏమీ కాదు, ఈ భయం వాళ్ళకి కాదు. రక్తంలో క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్ళు, అంటే కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్ళు, ఎంత ప్రోటీన్ తినాలో డాక్టరే చెప్పాలి. మా నాన్నగారికి డయాలసిస్ ముందు తగ్గించమన్నారు, మొదలయ్యాక పెంచమన్నారు. ఒకే మనిషికి రెండు లెక్కలు. ఈ చర్చ చదివి ఎవరైనా ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా ఇదే గ్లాసు ఇచ్చే ముందు ఒక రక్తపరీక్ష చేయించండి. అరటిపండు, ఖర్జూరం కూడా మా ఇంట్లో లెక్కపెట్టే ఇస్తాం, పొటాషియం వల్ల.

సీజన్ టికెట్ (విజయనగరం)

అందరికీ ధన్యవాదాలు. మాత్ర ఈ రోజు నుంచే ఐదింటికి వేసుకున్నాను. మందుల షాపు అన్నయ్యగారూ, కాల్షియం మాత్ర కూడా పొద్దున్నే వేసుకుంటున్నాను, అది రాయడం మర్చిపోయాను. రాత్రి భోజనం తర్వాతకి మార్చాను.

తమ్ముడి పద్దు ప్రకారం మొదటిసారి చేశాను. పెరుగు, ఓట్సు, పిక్కలు, పుట్నాలు, మా బాబుకి తెచ్చిన చక్కెరకేళి ఒకటి. ఇంట్లో బాగానే ఉంది. ట్రైన్ అరగంట లేటు. మూత తీసేసరికి పైన నల్లటి తెట్టు, కింద నీరు. తాగాను, ఆకలి పదకొండు దాకా రాలేదు, అది మాత్రం అద్భుతం. పుల్లటి పెరుగులో అరటిపండు తీపి కలిసి ఒక రకమైన రుచి, ఇంకోసారి వద్దనిపించింది. ఇంకో సంగతి. ఆదివారం పనీర్ విరిచాం, ఆ తేట నీళ్ళలో ప్రోటీన్ ఉంటుంది, పారేయకు, నీ స్మూతీలో పోసుకో అంటున్నారు మా ఆయన. నిజమేనా?

కొండవెలగాడ

బావగారు సగం నిజం చెప్పారు. పౌడర్ చేసేది పాల తేట నుంచే. కాకపోతే అది జున్ను ఫ్యాక్టరీల్లో వచ్చే తేట, దాన్ని వడగట్టి ఆరబెడతారు. మనం ఇంట్లో పాలు బాగా మరగబెట్టి నిమ్మరసం పిండుతాం కదా, ఆ వేడికి తేటలో ఉండాల్సిన ప్రోటీన్ చాలా వరకు పనీర్‌తోనే గడ్డ కట్టేస్తుంది. నీళ్ళలో మిగిలేది కొద్దిగా. చపాతీ పిండి కలుపుకోండి, మెత్తగా వస్తాయి.

నల్లబడటం అరటిపండు గుణం, గాలి తగిలితే అంతే. పండుని సీసాలో వేయకుండా విడిగా తొక్కతో పట్టుకెళ్ళండి. పెరుగుది ఉప్పు దారికి తిప్పండి. ఒక్కసారి చూడండి అప్పా.

మందుల షాపు (శ్రీకాకుళం)

కాల్షియం రాత్రికి మార్చడం మంచి పని. ఆరు వారాల టెస్టు మర్చిపోకండి.

సీజన్ టికెట్ (విజయనగరం)

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కుదిరింది.

తీపి మానేశాను. రాత్రి పడుకునే ముందు ఒక గిన్నెలో రోల్డ్ ఓట్స్ ఐదు స్పూన్లు, కాసిని నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో పెడతాను. ఇవి ఆవిరి పట్టి చదును చేసినవే కాబట్టి మళ్ళీ ఉడికించక్కర్లేదు, నానితే చాలు. పొద్దున్నకి ఉబ్బి గిన్నె సగం దాకా వస్తాయి. వేరుశనగ, పుట్నాలు కలిపి ఆదివారమే గుండ కొట్టి సీసాలో ఉంచుకుంటున్నాను, కాబట్టి పొద్దున్నే మిక్సీ చప్పుడు లేదు, బాబు నిద్ర లేవడం లేదు. పిక్కల గుండ మరీ మెత్తగా కొడితే నూనె దిగి ముద్దయిపోతుంది, మొదటి వారం అలా ఒక సీసా పాడుచేశాను. పలుకుగానే ఆపాలి. ఓట్స్‌లో గిన్నెడు పెరుగు, మూడు స్పూన్లు ఈ గుండ, ఉప్పు, కొంచెం వేయించిన జీలకర్ర, దంచిన అల్లం ముక్క. చేత్తో చిలికే కవ్వంతో ఒక నిమిషం. అంతే.

సీసా కూడా మార్చాను. సన్న మూతిది పక్కన పడేసి వెడల్పు మూతి డబ్బా తీసుకున్నాను, చెంచాతో తింటున్నాను. ఇది తాగేదీ కాదు, తినేదీ కాదు, రెండింటి మధ్యన ఉంది. కోరుకొండలో మొదలుపెడితే పెందుర్తి దాకా పడుతోంది. అసలు మందు అదేనేమో అని నా అనుమానం. పక్కావిడ ఉప్మా ఇప్పుడు నన్నేమీ చేయడం లేదు. పన్నెండుకి ఆకలి వేస్తుంది, మర్యాదగా వేస్తుంది, వణుకు లేదు. పునుగుల బండి ఆయన "ఏటమ్మా, ఊరెళ్ళారా?" అని అడిగాడు.

ఒక్క రోజు దెబ్బతిన్నాను. రాత్రే పెరుగు కూడా కలిపేసి డబ్బా ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోయాను, పొద్దున్నకి పెరుగు పొంగి పులిసిపోయింది. చలికాలంలోనే ఇలా ఉంటే ఎండాకాలంలో పెరుగు పొద్దున్నే కలుపుకోవాలి, రాత్రి కలపకూడదు. పాలతో చేసుకునేవాళ్ళకి ఇంకా జాగ్రత్త కావాలి.

ఇంకో ముచ్చట. మా అత్తగారు మొన్న నేను కవ్వం తిప్పుతుంటే వచ్చి, ఏమీ అడక్కుండా గూట్లోంచి ఒక చిన్న ఉల్లిపాయ తీసి, సన్నగా తరిగి డబ్బాలో వేసి, మూత బిగించి ఇచ్చారు. ఉల్లిపాయతో బాగుంది. కాకపోతే ఆఫీసులో పొద్దున్నే మీటింగ్ ఉన్న రోజు వద్దు. గజపతినగరం మామ్మగారూ, ఈ ఆదివారం చోడిపిండి ఉడికించి అందులోనే ఈ గుండ కలిపి చూస్తాను. నూకలు ఎన్ని వేయాలో చెప్పండి.

పౌడర్ డబ్బా మూడొంతులు అలాగే ఉంది. లైసెన్సు నంబరు ఉంది, చూశాను. కొండవెలగాడ తమ్ముడూ, మీ ఊళ్ళో ఎవరికైనా పనికొస్తుందా? సీలు తీసి రెండు నెలలైంది, పొడి చెంచా తప్ప తడి తగల్లేదు.

కొండవెలగాడ

ఇక్కడ అడిగేవాళ్ళు బోలెడుమంది అప్పా. ఆదివారం గంటస్తంభం వైపు వస్తాను, ఏ టైముకి రమ్మంటారో చెప్పండి. ఎక్స్‌పైరీ డేట్ ఒకసారి చూసి ఉంచండి.

చోడిపిండి (గజపతినగరం)

చోడిపిండి రెండు గరిటెలైతే నూకలు ఒక గరిటె. నూకలు ముందు మెత్తగా ఉడకాలి, అప్పుడు పిండి నీళ్ళు పోయాలి. ముందే పోస్తే ఉండలు కడతాయి, మళ్ళీ మిక్సీ తీస్తారు.